అక్షరానికి కుర్సీ

ఈ మధ్య శిరీష అనే అమ్మాయి ఫోన్ చేసింది. కంప్యూటర్ మీద పుస్తకాలకు పేజీలు కట్టడం ఆమె పని. కొత్తగా చేరింది. నేను సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేసే కాలం కంపోజిటర్‌నని ఎవరో చెప్పారట.

"తాతా, ఈ ఫాంటుల బోల్డ్ ఉన్నది, స్మాల్ క్యాప్స్ ఉన్నయి. రెండూ కలిపి అడిగితే మాత్రం ఇస్తలేదు. మామూలు అక్షరాలు పెట్టి ఊకుంటున్నది. గిట్లెందుకు?" అంది.

నేను పడీ పడీ నవ్వాను. ఆ పిల్ల నొచ్చుకుంది. "నిన్ను చూసి కాదు బిడ్డా. ఇదే లొల్లి మాకు నువ్వు పుట్టకముందు, మీ అమ్మ కూడా పుట్టకముందు పడ్డది" అని చెప్పాను. అయితే అదేదో రాసిపెట్టమంది. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి, పెన్షన్ కాగితాల సంగతి ఇందులో ఉండదు. అవి నాకే విసుగు.

తెలియనివారి కోసం ఒక్క మాట. ఇంగ్లిషులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని రెండు వరుసలున్నాయి కదా. స్మాల్ క్యాప్స్ అంటే రూపం పెద్దక్షరానిది, ఎత్తు చిన్నక్షరానిది. పేరులో మొదటి అక్షరం నిండుగా ఉంటుంది, మిగతావి అదే రూపంలో పొట్టిగా దాని పక్కన నిలబడతాయి. బోల్డ్ అంటే లావు అక్షరమని అందరికీ తెలుసు. లావూ పొట్టీ రెండూ అయిన అక్షరాలు కావాలంటేనే చిక్కంతా.

నిలబడి చేసే పని

మా ప్రెస్సు మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో ఉండేది. పొద్దున్నే సిరా వాసనలో కొత్తిమీర వాసన కలిసేది. ముందు గదిలో ఉర్దూ, వెనక గదిలో ఇంగ్లిషు, తెలుగు. మా దగ్గర ఉర్దూకు సీసపు అక్షరాలు లేవు. కాతిబ్, అంటే రాతగాడు, ఖాదిర్ సాబ్ చాప మీద కూర్చుని, మోకాలి మీద పలక పెట్టుకుని, రెల్లు కలంతో ప్రతి మాటా చేత్తో రాసేవాడు. ఆ రాతను రాతిపలక మీదికి ఎక్కించి అచ్చు వేసేవాళ్లు. మా వైపు మాత్రం గళ్లు గళ్లుగా ఉన్న చెక్క పెట్టెల ముందు నిలబడి ఒక్కో సీసపు అక్షరాన్ని ఏరి వరుస పేర్చాలి. ఆ పెట్టెను కేసు అనేవాళ్లం.

మా బాపు గుడిలో స్వామికి దండలు కట్టేవాడు. నేను ప్రెస్సులో చేరతానంటే ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "కూసుండి చేసే పనా, నిలబడి చేసే పనా?"

"నిలబడి, బాపు."

"అయితే పోరా. కూసుంటే నీకు నిద్రొస్తది."

నా ఉద్యోగానికి అంతకుమించి ఇంటర్వ్యూ జరగలేదు. అదృష్టమేమిటంటే బాపుకు నా గురించి బాగా తెలుసు.

మా ఫోర్‌మన్ డేవిడ్ మాస్టర్. గొంతు విప్పితే మార్కెట్లో టమాటాలమ్మే ఆవిడ కూడా ఉలిక్కిపడేది. రోజూ తెల్ల చొక్కా వేసుకొచ్చి, సాయంత్రం అదే తెలుపుతో ఇంటికి పోయేవాడు. సిరాలో బతుకుతూ ఒక్క మరక పడకుండా ఎలా ఉండేవాడో మాకెవరికీ అంతుపట్టలేదు. మా చొక్కాలు చూస్తే మాత్రం ఏ పూట ఏ రంగు అచ్చు వేశామో చెప్పేయొచ్చు.

ఆయనకు అన్నిటికన్నా ముఖ్యం పంచుడు. అచ్చు పని అయిపోయాక కట్టు విప్పి, ఏ అక్షరాన్ని ఆ గడిలో తిరిగి వేయాలి. దాన్నే మేం పంచుడు అనేవాళ్లం. ఒక్క అక్షరం తప్పు గడిలో పడితే రేపు పేర్చేవాడి చేతికి అదే వస్తుంది. అలాంటిది దొరికినప్పుడల్లా మాస్టర్ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని గది మధ్యలో నిలబడేవాడు.

"ఎవడు వేసిండ్రా?"

మేమంతా పైకప్పు చూసేవాళ్లం. పైకప్పులో చూడదగ్గది ఏమీ లేదు. అయినా అదే చూసేవాళ్లం.

"పక్కగడిల అక్షరం వేసినోడు, దావత్‌ల వేరేటోని చెప్పులు తొడుక్కపోయినోడు, ఇద్దరు ఒక్కటే!" అని ఆ రోజంతా గొణిగేవాడు.

నా అభిప్రాయం దాచుకోను. ఆయన దగ్గర చేతిపని నేర్చుకున్నంతగా నేను ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు. కానీ ఆయన కేకలకు భయపడి అడగవలసిన ప్రశ్నలు చాలా అడగలేదు. మీకు పై ఉద్యోగం వచ్చినప్పుడు ఆ పనితనం తీసుకోండి, కేకలు వదిలేయండి.

మాస్టర్ మాట ఇచ్చిన రోజు

మా ప్రెస్సులో ఒక ఆచారం ఉండేది. మాలో ఎవరింట్లో పెళ్లయినా ఆ కార్డును మిగతా అందరం కలిసి పేర్చేవాళ్లం. ఒక్కొక్కరికి ఒక్కో వరుస, చీటీలు వేసి పంచుకునేవాళ్లం. ఆ ఇంటి మనిషి మాత్రం అచ్చు పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. సొంత బిడ్డ పేరు ముందుంటే కళ్లకు తప్పు కనపడదని పాతవాళ్లు చెప్పేవాళ్లు. పని అయిపోయాక పంచుడు మాత్రం ఆయనదే. మా అక్క పెళ్లి కార్డులో ముహూర్తం వరుసను మెషిన్ తొక్కే యాదగిరి పేర్చాడు. ముహూర్తం దాటిపోతుందేమో అన్నంత నిదానంగా పేర్చాడు.

డేవిడ్ మాస్టర్ ఒక్కగానొక్క కూతురు గ్రేస్. బహదూర్‌పురాలో పిల్లలకు చదువు చెప్పేది. చిన్నప్పుడు నాన్నకు అన్నం డబ్బా తెచ్చి, మా కేసుల కింద కూర్చుని అరిగిపోయిన అక్షరాలతో ఆడుకునేదట. ఆ అమ్మాయికి సికింద్రాబాద్ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు శామ్యూల్. అతని తండ్రి జోసెఫ్ గారు అక్కడ ఒక పెద్ద ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆయన మా ప్రెస్సుకు వచ్చాడు. చాయ్ తాగుతూ కేసులన్నీ ఒకసారి కలియజూశాడు.

"బావగారూ, కార్డు మా దగ్గర కొట్టిస్తలెండి. మీ టైపు పాపం, బాగా పని చేసి అలిసినట్టున్నది."

మాస్టర్ కప్పు కింద పెట్టాడు. "కార్డు మా కాడనే అయితది. ఒక్క అక్షరం వంకరపోయినా మీరు అక్కడ కొట్టించుకోండ్రి. నేను నోరు తెరువ."

"అయితే పేర్లు గిట్ల రావాలె" అని జోసెఫ్ గారు జేబులోంచి తన పెద్దకొడుకు పెళ్లి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. పేర్లు లావుగా, మొదటి అక్షరం నిండుగా, మిగతావి పొట్టిగా ఉన్నాయి. "బోల్డ్ స్మాల్ క్యాప్స్."

"వస్తయ్" అన్నాడు మాస్టర్, కేసు వైపు చూడకుండానే.

వియ్యంకుణ్ణి సాగనంపడానికి మాస్టర్ గల్లీ చివరిదాకా వెళ్లగానే మేం కేసు లాగి చూశాం. పెద్దవి ఉన్నాయి, చిన్నవి ఉన్నాయి. లావైన పొట్టి అక్షరాల గడే లేదు. ఆ సంగతి మాకన్నా ముందు మాస్టర్‌కే తెలుసు. వియ్యంకుడు టైపును అలిసిందన్నాడు కదా, ఆ ఉక్రోషంలో అనేశాడు.

మర్నాడు గ్రేస్ వచ్చింది. "నరహరన్నా, అక్షరాలు డ్యాన్స్ చేసినా నాకైతే ఫికర్ లేదు. కానీ మా డాడీకి ఈ ప్రెస్సు తప్ప చెప్పుకోనీకి ఇంకేం లేదు. పెండ్లినాడు ఆయన తలకాయ దించుకుంటే నేను చూడలేను" అంది. యాదగిరి "నువ్వు నిమ్మళంగ పో చెల్లె" అన్నాడు.

చీటీలు వేశాం. పేర్ల వరుస నాకే వచ్చింది.

పొట్టి అక్షరాలు

ఉపాయం తెలిసిందే. పాయింటు అంటే అక్షరం సైజు కొలత. పన్నెండు పాయింట్ల లావు అక్షరం మొదట పెట్టి, దాని పక్కన ఎనిమిది పాయింట్ల లావైన పెద్దక్షరాలు పేర్చాలి. కాకపోతే ఎనిమిది పాయింట్ల అక్షరం దిమ్మ కూడా పొట్టిదే. వరుసలో వదులుగా ఊగుతుంది. దానికి పైనా కిందా ఏదైనా నింపాలి. అదీ సమానంగా నింపితే అక్షరం గాల్లో వేలాడుతుంది. పైన ఎక్కువ, కింద తక్కువ నింపితేనే అక్షరాల పాదాలన్నీ ఒక్క గీత మీద నిలుస్తాయి.

పైన పెట్టడానికి సీసపు పట్టీ సరిపోయింది. కింద పెట్టడానికి కావలసినంత పల్చటి పట్టీ మా దగ్గర లేదు. అట్టముక్క కత్తిరించి పెట్టాను. ప్రూఫు తీస్తే బాగానే వచ్చింది. ప్రెస్సంతా చప్పట్లు. సిరా పోవడానికి అక్షరాలను సోడానీళ్లతో కడిగి మళ్లీ ప్రూఫు తీశాం. అట్ట నీళ్లు తాగి ఉబ్బింది. గ్రేస్ పేరులో రెండో అక్షరం మెట్టెక్కింది, మూడోది కూలబడింది.

మాస్టర్ ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాడు. చాయ్ మీద చాయ్ తెప్పించుకుంటూ అక్కడినుంచే అరుస్తున్నాడు. "అయ్యిందా?"

"అయితున్నది మాస్టర్!"

"ప్రూఫు సూపియ్యండ్రి!"

యాదగిరి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "మాస్టర్, మీరిప్పుడు పెండ్లిపిల్ల తండ్రి. తండ్రి తీరుగ కూసోండ్రి. పనోళ్లను పని చేసుకోనియ్యుండ్రి." ఆయన మీద అలా గొంతెత్తే అవకాశం యాదగిరికి జీవితంలో మళ్లీ రాలేదు. ఆ రోజు దాన్ని పూర్తిగా వాడుకున్నాడు.

అప్పుడు ఖాదిర్ సాబ్ ముందు గదిలోంచి వచ్చాడు. అప్పటికే ఆయన కొంచెం అలిగి ఉన్నాడు. కార్డు ఇంగ్లిషులో, తెలుగులో మాత్రమే. ఉర్దూ లేదు. "సబ్‌కీ ఏక్ ఏక్ లైన్ హై. మేరీ లైన్ కహాఁ హై మియాఁ? అందరికి ఒక్కో లైన్ ఉన్నది, నాదేది? గ్రేస్ నా ఒళ్లో ఆడుకున్న పోరి" అన్నాడు.

నేను ప్రూఫు ఆయన చేతిలో పెట్టాను. ఇంగ్లిషులో ఒక్క అక్షరం కూడా రాదాయనకు. కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు.

"హర్ఫ్ అచ్ఛా హై. కుర్సీ నహీఁ హై." అక్షరం బాగుంది, కుర్సీ లేదు అన్నాడు.

కాతిబ్‌లు రాసేటప్పుడు అక్షరాలు కూర్చోవలసిన గీతను కుర్సీ అంటారు. గీత కాగితం మీద కనపడదు, రాసేవాడి కంటిలో ఉంటుంది. అక్షరం ఎంత అందంగా రాసినా కుర్సీ తప్పితే ఆయన కాగితం చింపేసేవాడు. అట్టముక్క సంగతంతా విన్నాక ఆయన ముఖం వెలిగిపోయింది.

"కుర్సీ నేను వేస్త. అదే నా లైన్."

యాదగిరి పరుగున పోయి ఇత్తడి సామాన్ల దుకాణంలోంచి పల్చటి రేకు ముక్క తెచ్చాడు. ఖాదిర్ సాబ్ దాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి, కలం చెక్కే చాకును నూరుకునే రాయి మీద రుద్దడం మొదలుపెట్టాడు. కాస్త రుద్దడం, నాకివ్వడం, నేను పెట్టి చూడటం. ప్రూఫు తీస్తే ఆయన కళ్లు చిట్లించి, "ఇంకొంచెం" అనడం. మళ్లీ రుద్దడం. గీత కలిసింది అనుకున్నాక సోడానీళ్లతో కడిగాం. మళ్లీ ప్రూఫు తీశాం. ఒక్క అక్షరం కదలలేదు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేశాను కూడా. పక్క కేసు ఊగితే అందరూ తిట్టారు.

శిరీషా, ఇక్కడ నీకొక మాట. నీ ఫాంటులో లావైన పొట్టి అక్షరాలు నిజంగా చెక్కి ఉన్నాయో లేదో ముందే చూసుకో. లేకపోతే కంప్యూటర్ నీతో చెప్పకుండానే మామూలువి పెట్టేస్తుంది. పెద్దక్షరాన్నే నొక్కి చిన్నది చేస్తే గీత సన్నబడి నీరసంగా కనపడుతుంది, అప్పుడు నొక్కడానికి ఇంకొంచెం లావు ఫాంటు వెతుక్కో. ఆ తర్వాత కాగితం మీద తీసి, చెయ్యి చాచి దూరంనుంచి చూడు. కుదిరితే ఆ భాష రానివాడికి చూపించు. వాడు పేరు చదవడు, వరుస చూస్తాడు.

భూతద్దం

కార్డులు ఆరాక జోసెఫ్ గారు వచ్చాడు. మాస్టర్ అప్పటిదాకా కార్డు చూడలేదు. ప్రూఫు చూపమని అంత అరిచినవాడు, అచ్చయ్యాక మాత్రం ముందు వియ్యంకుడే చూడాలని పట్టుబట్టాడు. గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జోసెఫ్ గారు భూతద్దం తీశాడు. మొదటి వరుస చూశాడు. పేర్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కార్డును వెలుగు వైపు తిప్పాడు, మళ్లీ ఇటు తిప్పాడు. మెషిన్ ఆగి ఉంది. మార్కెట్లో ఎవరో వంకాయల బేరం ఆడుతుంటే ప్రతి మాటా మాకు వినపడింది.

"ఈ టైపు ఎక్కడిది?"

నేను ఖాదిర్ సాబ్ వైపు చూశాను.

"నాకు చూపెట్టండ్రి."

కట్టు విప్పని అచ్చును బల్ల మీద పెట్టాను. ఆయన వంగి, పేరు కింద గోరుతో మెల్లగా తడిమాడు. ఇత్తడి పట్టీ తగిలింది. తలెత్తి మమ్మల్ని చూసి, ఒక్కసారిగా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా ప్రెస్సుల కూడ ఇవి లేవు బావా! మా పెద్దోని కార్డు మావోళ్లు ఇట్లనే చిన్న సైజు పెట్టి చేసిన్రు. అట్టముక్క పెట్టిన్రు. ఇగో చూడు, ఈ అక్షరం కిందికి జారింది. ఇన్నేండ్లు ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. కార్డు చూసినప్పుడల్ల నాకు ఆ ఒక్క అక్షరమే కనవడ్తది. రెండోడిదన్న సక్కగ రావాలె, మావోళ్లతోని కాదు అనుకున్న. నిన్ను జర పొడిస్తే పౌరుషానికన్న చేపిస్తవని గట్లన్న."

మాస్టర్ గోడను వదిలి ముందుకొచ్చాడు. కార్డు అందుకుని చాలాసేపు చూశాడు. "నేను చెయ్యలే. పేర్లు నరహరి పేర్చిండు. కింద కుర్సీ ఖాదిర్ భాయ్‌ది" అన్నాడు.

"ఏ అక్షరమన్న కిందికి జారిందేమో అని నేను కూడ చూసిన బావా, లేదు" అని జోసెఫ్ గారు ఖాదిర్ సాబ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఖాదిర్ సాబ్ ఆ రోజు కలం ముట్టలేదు. వచ్చిన ప్రతివాడికీ కార్డు చూపించి, కనపడని తన వరుస ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు.

పంచుడు

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. చర్చిలో మాస్టర్ తలెత్తుకునే నిలబడ్డాడు. ఎంతలా ఎత్తాడంటే, ఫోటోలో ఆయన గడ్డమే పెద్దగా పడింది.

సోమవారం ఆయన పనిలోకి వచ్చి, ఆచారం ప్రకారం కూతురి కార్డు అచ్చు ముందు నిలబడ్డాడు. కట్టు విప్పాడు. ఇత్తడి పట్టీలు ఏరి ఖాదిర్ సాబ్‌కు ఇచ్చాడు. ఆయన వాటిని తన కలాల పెట్టెలో దాచుకున్నాడు. తర్వాత మాస్టర్ కూతురి పేరును చేతిలోకి తీసుకున్నాడు. ఒక పేజీ అక్షరాలను చాయ్ ఆరేలోపు గళ్లలో వేసే మనిషి, ఆ ఒక్క పేరు పట్టుకుని కేసు ముందు అలాగే నిలబడిపోయాడు. మా ఇళ్లల్లో అప్పగింతలప్పుడు ఆడపిల్ల తండ్రి నిలబడినట్టే ఉంది. మేం తలలు వంచుకుని పని చేసుకున్నాం.

ఆ తర్వాత కొన్నాళ్లకు ధూల్‌పేట కుస్తీ పోటీల కరపత్రం వచ్చింది. పైన ఇంగ్లిషులో లావు అక్షరాల వరుస. పెద్ద వరుసలు మాస్టరే పేర్చేవాడు. మాట్లాడుతూనే పన్నెండు పాయింట్ల గడిలో చెయ్యి పెట్టాడు. వేళ్లు ఆగిపోయాయి. తీసి చూస్తే, ఎనిమిది పాయింట్ల పొట్టి అక్షరం.

అలవాటు కదా, దాన్ని పైకెత్తి గది మధ్యకు వచ్చి గర్జించాడు. "ఎవడు వేసిండ్రా?"

మేమంతా పైకప్పు చూశాం.

మెషిన్ దగ్గరినుంచి యాదగిరి మెల్లగా అన్నాడు. "పెండ్లిపిల్ల తండ్రి వేసిండు మాస్టర్."

అందరికన్నా ముందు మాస్టరే నవ్వాడు. మార్కెట్లో టమాటాలావిడ ఉలిక్కిపడేంతగా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ముందు గదిలోంచి ఖాదిర్ సాబ్ "క్యా హువా?" అంటూ పరిగెత్తుకొచ్చి, ఏమీ తెలియకుండానే తనూ నవ్వాడు.

మాస్టర్ ఆ అక్షరాన్ని సరైన గడిలో వేయలేదు. చొక్కా జేబులో వేసుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోతుంటే తెల్లటి జేబు మీద నల్లగా ఒక చిన్న మరక కనపడింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.